శివరాత్రి దాకా గీజరు

"ఈ గోడ పనికిరాదు."

వచ్చి పట్టుమని రెండు నిమిషాలు కాలేదు. ఇచ్చిన మంచినీళ్ళు సగమే తాగాడు. గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి మెటికలతో స్నానాలగది గోడను టకటకా కొట్టి, ఆ కుర్రాడు తీర్పు చెప్పేశాడు.

మణిమాలకు ఒళ్ళు మండింది. "గోడ ఎలా ఉందో చెప్పమని మిమ్మల్ని పిలవలేదండీ. గీజరు పెట్టమని పిలిచాం."

"పెడతాను. ఈ గోడకి మాత్రం కాదు. ఇది అడ్డుగోడ, ఒంటి ఇటికతో లేపారు. నీళ్ళు నిండితే గీజరు సగం బస్తా బియ్యమంత బరువు. ఏదో ఒక రోజు మీరు నీళ్ళు పోసుకుంటుంటే అదే వచ్చి మీ నెత్తిన కూర్చుంటుంది."

"మరి ఏ గోడకి పెడతారు?"

"అదిగో, బయటి గోడకి. తొమ్మిదంగుళాల మందం."

"అటు పెడితే తలుపు తియ్యగానే కనిపిస్తుంది. బాగుండదు."

"అందానికైతే క్యాలెండరు తగిలించుకోండి. గీజరు నీళ్ళు కాచుకోడానికండీ."

లోపల్నుంచి తులసమ్మ ఫక్కున నవ్వింది. కన్నతల్లి అలా పరాయివాడి పక్షాన నవ్వితే ఏ కూతురికైనా కష్టమే. మణిమాల అతని చేతిలోంచి గ్లాసు లాగేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పాపం, నీళ్ళు ఇంకా సగం మిగిలే ఉన్నాయి.

ఇతగాడి పేరు నరసింగరావు. పక్కింటి పార్వతమ్మకు అక్క కొడుకు. విజయనగరం నుంచి వచ్చి భిలాయి ఉక్కు ప్లాంటులో చేరి నాలుగేళ్ళయింది. రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియను. ఉండేది హాస్టల్లో. వారానికొకసారి ఆఫ్ దొరికినప్పుడు, పిన్ని చేతి పులుసు తినడానికి సైకిలేసుకుని ఇక్కడికి, కోహ్కాకు వస్తాడు. "మావోడున్నాడు కదేటి, అయిదు నిమిషాల్లో పెట్టేస్తాడు" అని పార్వతమ్మ మాటిచ్చింది. అయిదు నిమిషాల్లో అతను గోడకే వంక పెట్టాడు.

అసలు ఈ ఇంట్లో గీజరు అనే మాట పైకి తేవడానికే మణిమాలకు రెండు నెలలు పట్టింది.

ఆమె తండ్రి సూర్యారావు చరోదా లోకోషెడ్డులో బాయిలర్ మేస్త్రీ. ముప్ఫై రెండేళ్ళు రైలింజన్ల కడుపులోకి దూరి పనిచేసి, రిటైరయ్యి, కోహ్కాలో నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నాడు. రైల్వే క్వార్టరులో ఉన్నన్నాళ్ళూ స్నానాలకు ఒక పెద్ద రాగి బాయిలరు ఉండేది. మధ్యలో గొట్టం, గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. ఇంజన్ల బూడిదగుంటలో ఏరిన బొగ్గుతో అది గంటల తరబడి మండేది. కోహ్కాలో ఇంజన్లు ఎక్కడివి? కొన్న బొగ్గుతో దాన్ని రాజేసేసరికి కళ్ళు ఎర్రబడేవి. తులసమ్మకు మోకాళ్ళు వంగవు కనుక ఆ పని మణిమాలదే. ప్లాంటు టౌన్‌షిప్పులోని సెక్టారు స్కూల్లో టీచరు ఆమె. ఏడింటి బస్సు అందుకోవాలంటే అయిదింటికే లేచి పొగలో కూర్చోవాలి. పైగా బాయిలరు అడుగున కారుతోంది. సూర్యారావు దానికి మూడుసార్లు మాటు వేశాడు, నాలుగోసారి వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మాటు మీద మాటేసుకుంటూ ఎన్నాళ్ళు నాన్నా? అడుగంతా పల్చబడిపోయింది. మీ షెడ్డులో ఇలాంటి ఇంజన్ని లైను మీదకి పంపిస్తారా?"

ఆ ప్రశ్న సూర్యారావుకు సూటిగా తగిలింది. పంపరు. అయినా ఓటమి ఒప్పుకోడం ఆయన రక్తంలో లేదు.

"నిప్పు కనబడని బాయిలరేటే అమ్మీ? లోపల ఏటవుతందో ఎవుడికి తెలస్తాది? సరే, పెట్టుకో. నాదొక షరతు."

"చెప్పండి."

"శివరాత్రి దాకా అది ఒక్క రోజు కూడా మొరాయించకుండా నడిస్తే, నీ పెళ్ళి నీ ఇష్టం. నాను నోరు మెదపను. మజ్జిలో ఆగిపోనాదా, ఖరగ్‌పూరుకి ఉత్తరం రాసేస్తాను. నువ్వు మారుమాటాడకూడదు."

ఖరగ్‌పూరులో సూర్యారావు పాత స్నేహితుడు శంకరరావు ఉన్నాడు. ఆయనకో కొడుకు, వర్క్‌షాపులో ఉద్యోగం. ఫోటో కూడా చూడని మనిషిని ఎలా చేసుకుంటానని మణిమాల ఆ సంబంధాన్ని రెండుసార్లు దాటవేసింది. మూడోసారి దాటవేయడానికి సాకులు అయిపోయాయి. గీజరు ఎలా పనిచేస్తుందో ఆమెకేం తెలియదు. కానీ అమ్మాయి గట్టిది, వెనక్కి తగ్గలేదు.

"పక్కా?"

"పక్కా."

తండ్రి చేతిలో చెయ్యి వేసింది. కాబట్టి స్నానాలగది గోడకు ఎక్కేది ఒట్టి గీజరు కాదు. మణిమాల పెళ్ళి మాట కూడా దాని వెంటే గోడెక్కుతోంది.

*

పై వారం ఆఫ్ రోజున నరసింగరావు పనిముట్ల సంచీతో దిగాడు.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. లెక్కపెట్టుకోడం రాదా?"

"వస్తుందండీ. పొద్దున్నే వెంటవెంటనే చేసేవాళ్ళు ఎందరని."

"నేనూ అమ్మా. నాన్న ఎండెక్కాక చేస్తారు."

"అయితే మీరు తెప్పించిన ఇరవై అయిదు లీటర్లది చాలు. ఇంకా పెద్దది కొనుంటే ఊరికే కరెంటు తాగేది. మీటరు ఎక్కడ?"

మీటరు నుంచి గీజరు దాకా లావు వైరు విడిగా లాగాడు. దానికి విడిగా ఫ్యూజు పెట్టాడు. పక్కనే బల్బు వైరుండగా ఇంత హడావుడి దేనికని మణిమాల అడిగింది.

"బల్బు వైరుకి గీజరు తగిలిస్తే మీ ఇంట్లో రోజూ దీపావళేనండీ."

నూతి పక్కన గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, రాగిరేకు పాతి అక్కణ్ణుంచి ఎర్త్ తీగ తెచ్చాడు. వసారాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తున్న సూర్యారావు చివరికి లేచి వచ్చాడు.

"సేఫ్టీ వాల్వు ఏదీ?"

"ఇదిగో మేస్త్రీగారూ. వేడెక్కినప్పుడు ఒక్కో చుక్క కారుతుంది. కారుతోంది కదా అని మూసెయ్యకూడదు."

"నాకా సెప్తున్నావు?" అన్నాడు సూర్యారావు. గొంతు గట్టిగానే ఉన్నా కుర్రాడి మీద కాస్త గురి కుదిరిందని తులసమ్మ కనిపెట్టింది.

అన్నీ బిగించాక నరసింగరావు మణిమాలను పిలిచాడు. "ఈ చక్రం తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్ళు ఇందులోకి వస్తాయి. ఇది ఎప్పుడూ తెరిచే ఉండాలి. వేడినీళ్ళ కుళాయిలోంచి ధార వచ్చిందంటే లోపల నిండినట్టు. అప్పుడే స్విచ్చి. ఖాళీగా ఉన్నప్పుడు వేశారో, లోపల నీళ్ళు కాచే ఎలిమెంటు నిమిషాల్లో మాడిపోతుంది."

"ఇంకోసారి చెప్పండి."

"అర్థం కాలేదా?"

"అయింది. మీరు వంకలు పెట్టకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి. బాగుంది, అందుకని."

నరసింగరావు చేతిలోని స్పానరు జారి బకెట్లో పడింది.

ఆ తరువాత అతనికి ప్రతి ఆఫ్ రోజూ సూర్యారావుగారింట్లో ఏదో ఒక పని కనిపించేది.

"వాల్వు నుంచి చుక్క పడుతోందా?"

"పడుతోంది."

"పడాలి. మంచిదే."

"మంచిదైతే ఎందుకొచ్చారు?"

"పడటం ఆగిపోయిందేమోనని."

ఇంకో వారం ఫ్యూజు చూడటానికి, ఆ పై వారం ఎర్త్ గుంటలో నీళ్ళు పోశారో లేదో అడగటానికి వచ్చాడు. ఎర్త్ గుంటకు అంత క్షేమసమాచారం అడిగేవాడు భిలాయి మొత్తం మీద ఉండి ఉండడు. మణిమాల కూడా అమాయకురాలేం కాదు. అతనొచ్చే రోజున జడలో పువ్వులు పెట్టుకునేది. పార్వతమ్మ గోడ మీంచి తొంగి చూసి, "నన్ను అత్తా అని పిలుస్తావు గదే, మరి వరసకి మావోడు నీకేటవుతాడే?" అనేది. మణిమాల వినబడనట్టు బట్టలు ఆరేసేది. బకెట్లో బట్టలు లేకపోయినా ఆరేస్తూనే ఉండేది.

శివరాత్రి ఇంకా నెల రోజులుంది. గీజరు ఒక్క రోజు కూడా మొరాయించలేదు.

*

జనవరి ఆఖరి సోమవారం. పొద్దున్న అయిదున్నరకు మణిమాల రోజులాగే స్విచ్చి వేసి, జడ విప్పుకుంటూ నిలబడింది. పది నిమిషాలకు మాడు వాసన వచ్చింది. టప్‌మని చప్పుడు. ఎర్ర దీపం ఆరిపోయింది. కుళాయి తిప్పితే చుక్క రాలేదు.

సూర్యారావు దుప్పటి కప్పుకుని వచ్చి చూశాడు.

"కాలిపోనాది," అన్నాడు. ఆయన మొహంలో గెలుపు తొణికింది. ఆ వెంటనే కూతురి మొహం చూసి మళ్ళీ అణిగిపోయింది. ఎంతైనా తండ్రి.

మణిమాల చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ స్కూలుకు పోయింది. దారంతా నరసింగరావును తిట్టుకుంది. అంత ధీమాగా చెప్పాడే! లావు వైరట, విడిగా ఫ్యూజట. రెండు నెలలు నిలబడలేని పనికి ఎన్ని కబుర్లు! తిట్టుకున్నకొద్దీ ఏడుపొచ్చింది. ఆ ఏడుపు గీజరు కోసం కాదని కూడా ఆమెకు తెలుసు.

పార్వతమ్మ కబురు పెడితే, సాయంత్రం డ్యూటీ దిగి నరసింగరావు నేరుగా వచ్చాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అతను మెయిన్ స్విచ్చి తీసేశాక స్నానాలగదిలో చీకటిగా ఉంటే మణిమాల లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

అతను చక్రం తిప్పి చూశాడు. అది గట్టిగా మూసి ఉంది. అడుగున నీళ్ళు వదిలే ప్లగ్గు విప్పాడు. ఒక్క చుక్క కూడా పడలేదు. పీపా ఖాళీ. ఎలిమెంటు బయటికి తీశాడు. నల్లగా కమిలి, మధ్యకి పగిలిపోయి ఉంది. దాన్ని కిటికీ గూట్లో పెట్టాడు.

అప్పుడు లాంతరు వెలుగు గీజరు కింద గోడ మీద పడింది. సుద్దతో గుండ్రంగా రాసిన అక్షరాలు. 'వాషవుట్ 28-1'. అంటే నిన్న, ఆదివారం.

నరసింగరావు ఒక్క క్షణం ఆ రాత వైపు చూశాడు. తడిచేత్తో మెల్లగా తుడిచేశాడు. వెనక్కి తిరిగేసరికి మణిమాల అతన్నే చూస్తోంది.

ఆమె ఏదో అనబోయేంతలో వసారాలోంచి సూర్యారావు కేక వేశాడు. "ఏటి బాబూ, ఏటి తప్పు?"

"నా బిగింపులోనే లోపమండీ మేస్త్రీగారూ," అన్నాడు నరసింగరావు తడుముకోకుండా. "వైరు సరిగ్గా కూర్చోలేదు. తప్పు నాదే. గురువారం కొత్త ఎలిమెంటు వేసేస్తాను."

"సెప్పినానా?" అన్నాడు సూర్యారావు కూతురితో. "ఖరగ్‌పూరుకి రాసేదా?"

మణిమాల లాంతరు కింద పెట్టి, "రాయండి," అంది.

*

నరసింగరావు సైకిలు తీసేసరికి చినుకులు మొదలయ్యాయి. మణిమాల గొడుగు కూడా తీసుకోకుండా పార్వతమ్మ చూరు కిందకి వెళ్ళి అతన్ని ఆపింది.

"ఎందుకు తుడిచారు?"

"ఏం తుడిచాను?"

"నా దగ్గర మీ పప్పులుడకవు. ఇంజన్ బాయిలరు కడిగిన తారీఖు అలా సుద్దతో రాస్తారని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అది మా నాన్న చేతిరాత. ఆదివారం గీజరు కడిగారు, నీళ్ళు పట్టలేదు. నేను ఖాళీ దాని మీద స్విచ్చి వేశాను. అవునా?"

నరసింగరావు సైకిలు బెల్లు మీద బొటనవేలు రాస్తూ నిలబడ్డాడు. "కొన్నాళ్ళకోసారి కడగటం షెడ్డు అలవాటు. షెడ్డులో బాయిలర్ మేస్త్రీ కడిగి, ప్లగ్గులు బిగించి, తారీఖు రాసి వెళ్ళిపోతాడు. నీళ్ళు పట్టేది ఇంకో గ్యాంగు. ఆయన తన పని తను సరిగ్గానే చేశారండీ. ఇక్కడ రెండో గ్యాంగు లేదు, అంతే."

"ఆ మాట ఆయనతో ఎందుకు చెప్పలేదు?"

"ముప్ఫై రెండేళ్ళు ఒక్క బాయిలరు కూడా మాడనివ్వలేదని ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పారో తెలుసా? ఆయన సొంతింట్లో, ఆయన కూతురి ముందు, నేనెలా చెప్పను? నాదేముంది, ఇంకో ఎలిమెంటు వేస్తే పోయె."

"పోయేది ఎలిమెంటు ఒక్కటే కాదు," అంది మణిమాల. పందెం సంగతి మొత్తం చెప్పింది.

వింటుంటే నరసింగరావు మొహం పాలిపోయింది. "ఈ ముక్క ముందే చెప్పొద్దూ!"

"చెబితే ఏం చేసేవారు?"

"రోజూ వచ్చి గీజరు దగ్గరే కాపలా కూర్చునేవాణ్ణి." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఖరగ్‌పూరు వద్దు మణిమాలగారూ. నాకు మీరంటే ఇష్టం. వాల్వూ ఎర్తూ అన్నీ దొంగసాకులే."

"తెలుసు. నాకూ ఇష్టమే. నా జడలో పువ్వులు మాత్రం దొంగవేం కావు."

ఇష్టం చెప్పుకున్నాక సంతోషంగా ఉండాలి. వాళ్ళకు మాత్రం ఖరగ్‌పూరే గుర్తొస్తోంది.

"ఇప్పుడెళ్ళి నిజం చెప్పెయ్యనా?" అన్నాడతను.

మణిమాల తమ ఇంటి వైపు చూసింది. ఒక్క మాట చెబితే పందెం తనదే. ఆ ఒక్క మాటకి నాన్న తల వంచుకుంటాడు. షెడ్డు నుంచి తెచ్చుకున్న పేరు తప్ప ఆయన దగ్గర ఇంకేముంది?

"వద్దు. పెళ్ళి సంగతి నేను ఆయనతో నేరుగా పోట్లాడతాను. ఆయన పేరు తీసి మాత్రం గెలవను."

నరసింగరావు ఆమె వైపు చూసిన చూపులో గౌరవం కూడా కలిసింది. ఆ చూపు మణిమాలకు అన్ని చూపుల కన్నా నచ్చింది.

*

గురువారం కూడా వాన వదల్లేదు. రాసిన ఉత్తరం సూర్యారావు చొక్కా జేబులోనే ఉంది. వాన తగ్గాక పోస్టు డబ్బాలో వేద్దామని మూడు రోజులుగా అంటున్నాడు. వాన తగ్గకపోతే బాగుండునని మణిమాల అనుకుంటోంది.

నరసింగరావు కొత్త ఎలిమెంటు తెచ్చి పని మొదలుపెట్టాడు. సూర్యారావు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటాడా, కిటికీ గూట్లో ఉన్న పాత ఎలిమెంటు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. గోరుతో గీకాడు. వెలుగులో పెట్టి చూశాడు.

ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఇది వైరు తప్పు కాదు," అన్నాడు నెమ్మదిగా. "నీళ్ళు నేకుండా కాలినాది. ఇనుము ఎలగ కాలిందో నాకు సెప్పక్కర్లేదు."

సూర్యారావు గీజరు కింద గోడ వైపు చూశాడు. అక్కడ ఉండాల్సిన రాత లేదు.

"నాను కడిగినాను. ప్లగ్గు బిగించినాను. తారీఖు రాసినాను." ఒక్కొక్క మాటే వచ్చింది. "నీళ్ళు పట్టలేదు. అది మరొకడి పని. మరొకడు ఎవుడు ఈ ఇంట్లో?" తలెత్తాడు. "ఆ రాత ఎవులు తుడిసినారు?"

"నేనేనండీ," అన్నాడు నరసింగరావు.

"నీకు తెలుసన్నమాట. అమ్మీ, నీకూ తెలుసా?"

మణిమాల తలూపింది.

"పందెం నువ్వే గెలిసేదానివి గదే? ఒక్క మాట సెప్పుంటే?"

"మీరు తల దించుకుంటే చూడలేను నాన్నా." మణిమాల రెండడుగులు ముందుకు వచ్చింది. "ఖరగ్‌పూరు మాత్రం నాకొద్దు. పందెం ఉన్నా లేకపోయినా వద్దు. నేను ఇతన్నే చేసుకుంటాను. దాచడానికేం లేదు, ఇతని ముందే చెబుతున్నాను."

నరసింగరావు చేతిలోని వైరు వదిలేశాడు. గుమ్మం దగ్గర తులసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూర్యారావు మాడిన ఎలిమెంటును ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ముప్ఫై రెండేళ్ళ పేరు ఈ చిన్న పీపా దగ్గర పోయిందని సిగ్గు కలిగింది. తన పరువు కాపాడటానికి ఒకడు నింద మీదేసుకున్నాడు, ఒకతె పెళ్ళే పణంగా పెట్టింది. ఆ సంగతి తలకెక్కాక సిగ్గు నిలవలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. లేచి, జేబులోంచి ఉత్తరం తీసి, నాలుగు ముక్కలు చేసి తులసమ్మ చేతిలో పెట్టాడు.

"గొడుగేదీ?" అంది తులసమ్మ, ఆయన గుమ్మం దాటుతుంటే.

"ఒద్దు."

వానలో తడుస్తూనే పక్కింటి మెట్లెక్కాడు. పిల్లనిచ్చే తండ్రి అలా ఉత్త చేతుల్తో, తాంబూలం లేకుండా, తడిసిన చొక్కాతో వెళ్ళడం కోహ్కాలో ఎవరూ చూసి ఉండరు. తలుపు తీసిన పార్వతమ్మ కంగారుపడింది. "ఏటి అన్నయ్యా, ఏటైనాది?"

సూర్యారావు గొంతు ఇటు స్నానాలగదిలోకి స్పష్టంగా వినిపించింది.

"మీ నరసింగాన్ని మాకిచ్చేయమ్మా. కడిగి ప్లగ్గులు బిగించడం నాకొచ్చు. నా ఎనకాల సూసుకుని నీళ్ళు పట్టేవోడు మా ఇంటికి కావాల."

నరసింగరావు మణిమాల వైపు తిరిగాడు. మణిమాల అతని చెయ్యి పట్టుకుంది. తల్లి చూస్తోందని తెలిసినా వదల్లేదు.